చచ్చిన కాలేజీలో నడిచే ఏనుగు

మద్రాసులో పాతకాలపు వాళ్ళను మ్యూజియానికి దారి అడిగితే తెల్లమొహం వేసేవారు. 'చచ్చిన కాలేజీ' అని అడిగితే వెంటనే చెయ్యి చూపించేవారు. తమిళంలో 'సెత్త కాలేజు', జంతుప్రదర్శనశాలకు 'ఉయిర్ కాలేజు'. మా ఇళ్ళలో ఒకటి చచ్చిన కాలేజీ, ఇంకొకటి బతికిన కాలేజీ. నిజానికి ఈ రెండూ ఒక తల్లి బిడ్డలే. 1851లో మ్యూజియం పుట్టింది. 1854లో ఎగ్మూరులోని పాంథియన్ ఆవరణకు మారింది. 1855లో ఆ ఆవరణలోనే బతికివున్న జంతువులను కూడా పెట్టారు. కొన్నేళ్ళకు వాటిని పీపుల్స్ పార్కుకు తీసుకుపోయారు. ప్రాణమున్నవి అటు వెళ్ళాయి, ప్రాణం లేనివి ఇక్కడే మిగిలాయి. పేర్లు అలా స్థిరపడ్డాయి.

చచ్చిన కాలేజీలో ఒక ఏనుగు నడవటం నేను చూశాను. అది గాజు పెట్టెలో గడ్డి కూరిన ఏనుగు కాదు. రాతి ఏనుగు. ఆ సంగతే ఈ నాలుగు మాటల్లో మీకు చెప్పాలని.

మా నాయన తంగసాలవీధిలో ఒక తెలుగు అచ్చాఫీసులో కంపోజిటరు. 1962 ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం నన్నూ అక్కనూ ఎగ్మూరు తీసుకెళ్ళాడు. తిమింగలం ఎముకలూ, పాము చర్మాలూ చూసి చూసి కాళ్ళు నొప్పిపెట్టాక, అమరావతి రాళ్ళున్న గదిలోకి వచ్చాం. నాయనకు ఆ గదంటే ప్రత్యేకమైన గౌరవం. "ఇవి మన గుంటూరు సీమనుంచి వచ్చినయిరా" అని, గుళ్ళోకి అడుగుపెట్టినట్టు గొంతు తగ్గించి చెప్పాడు. గుంటూరు సీమ ఎక్కడుందో మాకు తెలియదు. మా తాతల నాటికే మేం మద్రాసువాళ్ళం.

అక్కడ ఒక గుండ్రటి ఫలకం ముందు ఆగాం. నేను ఉత్సాహంగా, "నాయనా, రెండు ఏనుగులున్నాయి! ఒకటి చెడ్డది, ఒకటి మంచిది" అన్నాను.

"రెండెక్కడివిరా? ఒకటే ఏనుగు. అక్కణ్ణుంచి ఇక్కడికి నడిచొచ్చింది."

"రాయిలో ఎట్లా నడుస్తుంది?"

"నువ్వు చూస్తే నడుస్తుంది" అన్నాడు నాయన.

ఆయన కంపోజిటరు కదా. సీసపు అక్షరాలను కుడి ఎడమలు తిరగేసి పేర్చే మనిషి. చూపు ఏ వైపునుంచి ఏ వైపుకు పోతుందో ఆయనకు బుర్రతో పనిలేకుండా వేళ్ళకే తెలుసు. ఆయన చెప్పిన ఆ ఒక్క మాట అర్థం కావటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

బొమ్మ చేసేవాడికి పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఒకటుంది. పాట సాగుతుంది, కథ సాగుతుంది, నాటకం సాగుతుంది. బొమ్మ సాగదు. అది ఒక్క క్షణాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. పరుగెత్తే మనిషిని చెక్కితే, వెయ్యేళ్ళయినా ఆ కాలు గాలిలోనే ఉంటుంది. మరి కదలికను రాతిలో ఎలా చెప్పటం? ఈ ప్రశ్న లోకంలోని కళాకారులందరికీ ఎదురైంది. కృష్ణ ఒడ్డున దాదాపు 1,800 ఏళ్ళ క్రితం ఒక శిల్పి చెప్పిన జవాబు ఆ గుండ్రటి ఫలకంలో ఉంది.

కథ ముందు చెప్పుకుందాం. బుద్ధుని దాయాది దేవదత్తుడు. బుద్ధుణ్ణి చంపించాలని రాజగృహంలో నాలగిరి అనే ఏనుగుకు బాగా కల్లు తాగించి, ఆయన భిక్షకు వచ్చే వీధిలోకి వదిలించాడు. ఊరు ఊరంతా చెల్లాచెదరైంది. బుద్ధుడు మాత్రం కదల్లేదు. ఆయన మైత్రీభావం సోకి ఏనుగు మదం దిగి, పాదాల దగ్గర మోకరిల్లింది. ఇంతే కథ.

ఇప్పుడు రాయి చూడండి. ఎడమ వైపు ఏనుగు వీధిలో పడి విజృంభిస్తున్నది. తొండంతో ఒక మనిషిని పట్టేసింది. జనం ఒకరిమీద ఒకరు పడుతూ పారిపోతున్నారు. భయంతో ఒకామె పక్కవాణ్ణి కరుచుకుంది. మేడల మీది గవాక్షాలనుంచి తలలు బయటపెట్టి చూస్తున్నవాళ్ళున్నారు. కుడి వైపు అదే ఏనుగు, ఈసారి మోకాళ్ళ మీద. దాని ఎదుట బుద్ధుడు, ఆయన వెనుక భిక్షువులు. రెండు ఏనుగులకూ మధ్య గీత లేదు, గోడ లేదు, స్తంభం లేదు. ఒకటే వీధి.

ఇందులో శిల్పి చేసిన పనులు ఒక్కొక్కటే తీసి చూస్తే తెలుస్తాయి. మొదటిది, ఒకే పాత్రను ఒకే చట్రంలో రెండుసార్లు చెక్కటం. ఏనుగు వేసిన అడుగుల్ని ఆయన చెక్కలేదు. ఆ అడుగులు మనచేత వేయించాడు. చూపు ఎడమనుంచి కుడికి పోయేసరికి ఏనుగు వీధంతా దాటి వచ్చేస్తుంది. రెండవది, వాలు గీతలు. పారిపోయేవాళ్ళ ఒళ్ళూ చేతులూ ఏటవాలుగా ఉంటాయి. నిలువుగా ఉన్న మనిషి నిలబడినట్టు, వాలిన మనిషి పడబోతున్నట్టు మన కంటికి తోస్తుంది. ఆ తోపిడిలో నిటారుగా, నిశ్చలంగా నిలిచినవాడు బుద్ధుడు. తిరిగే బొంగరానికి మేకు ఎలాగో, ఆ కదలిక అంతటికీ ఆయన నిశ్చలత అలాగ. ఆయన అలా నిలబడి ఉండకపోతే మిగిలినవాళ్ళు పరుగెత్తుతున్నట్టు మనకు తెలిసేది కాదు. మూడవది, భయాన్ని మెట్లుమెట్లుగా చూపించటం. ఏనుగుకు చిక్కినవాడిది ఒక స్థితి, తప్పించుకుంటున్నవాడిది ఒకటి, మేడమీదినుంచి తొంగిచూసేవాళ్ళది ఇంకొకటి. చెరువులో రాయి వేస్తే అలలు ఒడ్డుదాకా పోయినట్టు భయం ఏనుగునుంచి మేడల దాకా పోతుంది. నాలుగవది, ఆ గుండ్రదనం. చతురస్రానికి మూలలుంటాయి, చూపు అక్కడ చిక్కుకుని ఆగుతుంది. గుండ్రటి చట్రంలో ఆగటానికి చోటు లేదు. అంచు చేరిన కన్ను మళ్ళీ లోపలికే తిరుగుతుంది.

ఈ విద్య ఒక్కరోజులో వచ్చింది కాదు. అమరావతి స్తూపం పని క్రీస్తుకు పూర్వమే మొదలై, క్రీస్తు తరువాత మూడవ శతాబ్దం దాకా తరతరాలుగా సాగింది. తొలి రోజుల శిల్పాలు లోతు లేనివి. మనుషులు చేతులు జోడించి బిగుసుకుని నిలబడివుంటారు. పోనుపోను ఒళ్ళు సన్నబడ్డాయి, నడుములు ఒంగాయి, ఒకరి వెనుక ఒకరు, వారి వెనుక ఇంకొకరు వచ్చి చేరారు. ఉలి లోతుకు దిగినకొద్దీ నీడలు పెరిగాయి. నీడ పెరిగితే, పొద్దు తిరిగేకొద్దీ బొమ్మ కూడా తిరిగినట్టే ఉంటుంది. పల్నాటి సున్నపురాయి ఇందుకు బాగా ఒదిగింది. మనం పాలరాయి అంటాం కానీ అది పాలరాయి కాదు. ఉలికి లొంగే సున్నపురాయి.

స్తూపం చుట్టూ ఉన్న రాతి ప్రాకారం పైదూలాల మీద మనుషులు ఒక లావాటి పూలదండను మోసుకుపోతుంటారు. దండ ఒకచోట భుజం మీదికి లేస్తుంది, ఇంకొకచోట కిందికి వాలుతుంది. అల లేచి పడినట్టు అది రాతినుంచి రాతికి సాగిపోతుంది. ప్రదక్షిణ చేసే భక్తుడు నడుస్తుంటే పక్కనే దండ కూడా నడుస్తుంది. అంటే ఇక్కడ కూడా కదలికలో సగమే శిల్పిది, మిగతా సగం చూసేవాడి కాళ్ళది. మద్రాసులోనే ఉన్న ఇంకొక గుండ్రటి ఫలకంలో దేవతలు బుద్ధుని భిక్షాపాత్రను స్వర్గానికి తీసుకుపోతుంటారు. మధ్యలో పాత్ర, చుట్టూ ఆనందంతో ఎగురుతూ ఆడుతూ దేవగణాలు. చేతులూ కాళ్ళూ చక్రం ఆకుల్లా ఉంటాయి. కాసేపు చూస్తే కళ్ళు తిరుగుతాయంటే అబద్ధం కాదు.

ఒకే పాత్రను మళ్ళీ మళ్ళీ చెక్కి కథ నడిపించటం అమరావతివాళ్ళ ఒక్కరి సొత్తు కాదు. సాంచి తూర్పు తోరణం నడిమి దూలం మీద సిద్ధార్థుడు ఇల్లు విడిచిపోయే ఘట్టం ఉంది. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించే అలవాటు లేదు. అందుకని గుర్రం మీద మనిషి ఉండడు, ఖాళీ జీను పైన గొడుగు మాత్రం ఉంటుంది. ఆ గుర్రమే వరసగా మళ్ళీ మళ్ళీ కనిపిస్తూ ఊరు దాటిపోతుంది. చివరికి గొడుగు లేకుండా తిరిగి వస్తుంది. గొడుగు లేదంటే స్వామి దిగిపోయాడని అర్థం. అదే సాంచి దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు కొలువులోని శిల్పుల పెద్ద ఆనందుడి పేరు చెక్కివుంది. కనుక సాంచికీ మన సీమకూ ఈ విద్యలో బంధుత్వం కొంత లేకపోలేదు. పల్నాటి గోలి స్తూపం రాళ్ళు కూడా మద్రాసు చేరాయి. వాటిలో వెస్సంతర జాతకం పొడవాటి పట్టీలాగా సాగుతుంది. అయితే సాంచిలోనూ గోలిలోనూ కథ బారుగా, చదివే పంక్తిలాగా నడుస్తుంది. నాలగిరి ఫలకంలో అంత బారు లేదు. ఆ కొద్ది చోటులోనే తుఫానూ ప్రశాంతీ రెండూ ఇమడాలి. కష్టం అక్కడుంది, గొప్పతనమూ అక్కడే ఉంది.

కదలికను చెప్పటానికి ఇదొక్కటే దారి అని కాదు. అదే ఆవరణలో కంచు విగ్రహాల భవనంలో తిరువాలంగాడు నటరాజు ఉన్నాడు. చోళుల కాలపు పని. చాలా నటరాజ విగ్రహాల చుట్టూ ఉండే అగ్నివలయం దీనికి లేదు. అయినా నాట్యం ఆగలేదు. ఇక్కడ శివుడు ఒక్కడే, ఒక్కసారే. తాండవమంతా ఒక్క భంగిమలోకి ఒదిగింది. ఫ్రెంచి శిల్పి రొదాఁ ఈ విగ్రహాన్ని ఫొటోల్లో చూసి పరవశించి రాసిన వ్యాసం ఆయన పోయిన తరువాత, 1921లో అచ్చయింది. అసలు విగ్రహాన్ని ఆయన చూడనేలేదు.

ఈ రొదాఁ గురించే ఇంకొక ముచ్చట. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు వరసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని బొమ్మలు తీశాడు. నాలుగు కాళ్ళూ ముందుకూ వెనక్కూ చాచి గాలిలో తేలే గుర్రాలను అంతకుముందు చిత్రకారులు వేసేవారు. 1821లో జెరికో వేసిన ఎప్సమ్ పందెం గుర్రాలు అలాంటివే. మైబ్రిడ్జ్ ఫొటోలు అది తప్పని తేల్చాయి. గుర్రం కాళ్ళు నాలుగూ నేలను విడిచేది అవి కడుపు కిందికి ముడుచుకున్నప్పుడే. సరే, చిత్రకారులు ఓడిపోయారనుకున్నారు. 1911లో అచ్చయిన తన సంభాషణల్లో రొదాఁ దీనికి ఎదురుచెప్పాడు. కాలం ఎక్కడా ఆగదు కనుక ఆగిన క్షణాన్ని చూపే ఫొటోయే అబద్ధమనీ, రెండు మూడు క్షణాలను ఒకే ఒంట్లో కలిపి చెక్కే శిల్పిదే నిజమనీ ఆయన వాదం. నాలగిరి శిల్పి ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఒకే ఒంట్లో కలపకుండా, రెండు ఒళ్ళు చెక్కి ఒకటే అనుకోమన్నాడు.

అనుకోమన్నాడు సరే, మనం అనుకోవాలి కదా. అక్కడ వచ్చింది చిక్కు. ఆ రాళ్ళు చెక్కిన రోజుల్లో స్తూపం చుట్టూ తిరిగేవాళ్ళకు ఆ కథలు నోటికి వచ్చు. కానుకలు ఇచ్చినవాళ్ళ పేర్లు రాళ్ళ మీదే ఉన్నాయి. వర్తకులు, భిక్షుణులు, గృహిణులు. పూర్ణఘటం చెక్కిన ఒక రాతిని ఇచ్చినవాడు విధికుడు అనే చర్మకారుడు. ఆ విధికుడు నాలగిరి ఫలకం చూసివుంటే రెండు ఏనుగులని అనడు. తరువాత కథ చెప్పేవాళ్ళు పోయారు, వినేవాళ్ళు పోయారు. స్తూపం దిబ్బ అయింది. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తుంటే దిబ్బలోని రాళ్ళు కట్టడాలకు పనికివచ్చాయి. కొన్ని సున్నంగా కాలిపోయాయి. కథ తెలియనివాడికి అది సున్నపురాయే కదా. వాళ్ళను తప్పుపట్టటం తేలిక, కానీ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి రాళ్ళకు బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి రాళ్ళు మద్రాసుకు చేర్పించాడు. అవి కొన్నేళ్ళు ఎండకూ వానకూ ఆరుబయట పడివున్నాయి. 1859లో వందకు పైగా రాళ్ళు ఓడెక్కి లండను పోయాయి. అక్కడ కూడా కొంతకాలం బండ్ల కొట్టంలో పడివుంటే, జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించి 1868లో పుస్తకం వేశాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఇక్కడ 1877లో సీవెల్, 1881-82లలో బర్జెస్ తవ్వించిన వాటిలో చాలా భాగం మద్రాసుకు వచ్చాయి. వాటిని 1880లలో గోడల్లో సిమెంటుతో బిగించేశారు. కదలికను చెక్కిన రాళ్ళకు కదలటానికి వీల్లేకుండా అయింది.

సి. శివరామమూర్తిగారు ఈ మ్యూజియంలో పనిచేస్తూ ఒక్కొక్క రాయినే పరిశీలించి, 1942లో అమరావతి శిల్పాల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. ఏ రాతిలో ఏ కథ ఉందో మళ్ళీ తెలియచెప్పినవారిలో ఆయన ముఖ్యులు. ఒకరకంగా ఆయన పండితభాషలో చేసిందే మా నాయన మాకు వాడుకభాషలో చేశాడు.

ఇక్కడ మనవాళ్ళు తరచు అనే మాట ఒకటుంది. "అవి మన రాళ్ళు, మనకు దక్కలేదు" అని. నేనూ అన్నవాణ్ణే. అయితే ఆ రాళ్ళ మీది శాసనాలు ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. తెలుగు అని చెప్పుకోవటానికి దొరికింది ఒక రాతిముక్క మీది 'నాగబు' అనే మాట. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని తెలుగు మాటగా గుర్తించారు. దానిమీద వాదాలున్నాయి, ఉండనివ్వండి. నాకు నచ్చింది ఆ మాటే. నాగం అంటే పాము మాత్రమే కాదు, ఏనుగు కూడా. పాళీ కథల్లో బుద్ధునివంటి మహాపురుషుణ్ణి కూడా నాగుడంటారు. ఫలకంలో ఎదురెదురుగా నిలిచినవి రెండు నాగాలన్నమాట, ఒకటి మదించినది, ఒకటి మదం జయించినది. రాయి మనదా కాదా అన్నదానికంటే, ఆ రాతి ముందు నిలబడి చెప్పటానికి మన దగ్గర మాట ఉందా అన్నది పెద్ద ప్రశ్న అనిపిస్తుంది నాకు.

ఎందుకంటే మొన్నామధ్య మా మనవరాలికి ఆ ఫలకం ఫొటో చూపించాను. దానికి తొమ్మిదేళ్ళు. బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది, చదవటం రాదు. తెలుగు నేర్పే బడి మా పేటలో ఒకప్పుడు ఉండేది, మూతపడి చాలా ఏళ్ళయింది. అది ఫొటో చూసి, "తాతా, రెండు ఏనుగులు" అంది. సరిగ్గా నా మాటే, అరవై ఏళ్ళ తరువాత.

ఒక్క క్షణం భయం వేసింది. నాయన చెప్పిన మాట నాతోనే ఆగిపోతే, ఆ రాతిలో ఎప్పటికీ రెండు ఏనుగులే ఉండిపోతాయి. రెండూ కదలనివే.

కథ మొదలుపెట్టాను. 'దాయాది' అంటే తెలియలేదు, "పెదనాన్న కొడుకులాంటివాడు" అన్నాను. 'మోకరిల్లటం' తెలియలేదు, చేసి చూపించాను, లేవటానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. 'మదం' అనగానే మాత్రం, "తెలుసు తాతా, మదం పుట్టిన యానై" అంది. ఆ మాట దానికి తమిళంలో దొరికింది. దొరికితే చాలు, ఎటునుంచి వస్తేనేం. కథ అయ్యాక మళ్ళీ ఫొటో తీసుకుని, ఎడమనుంచి కుడికి నెమ్మదిగా వేలు జరిపింది. మధ్యలో ఒకచోట ఆపి, "ఇక్కడ నడుస్తున్నది, కానీ కనిపించటం లేదు" అంది.

ఆ ఖాళీలోనే ఉంది ఏనుగు నడక అంతా. శిల్పి అక్కడ ఏమీ చెక్కలేదు. మనకు వదిలిపెట్టాడు.

మిత్రులు మద్రాసు వచ్చినప్పుడు, ఆ గది తెరిచివుందో లేదో కనుక్కుని, పిల్లలను ఎగ్మూరు తీసుకువెళ్ళండి. బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో ఉండి అంతదూరం రాలేనివారు పుస్తకంలో బొమ్మ అయినా చూపించండి. ముందుగా కథ చెప్పకండి. ఎన్ని ఏనుగులున్నాయో అడగండి. రెండు అంటారు. అప్పుడు చెప్పండి, మన మాటల్లో.